రాయి, చక్కెర, ఒక చిన్న ఊరు

యాత్రికులు రెండు రకాలని నా నమ్మకం. రాయిని చూడడానికి వెళ్ళేవారు కొందరు, ఊరిని చూడడానికి వెళ్ళేవారు కొందరు. మొదటి రకం వారు బస్సు దిగి, పేరుపడ్డ కట్టడం ముందు నిలబడి ఫొటో తీయించుకొని, మళ్ళీ బస్సెక్కుతారు. రెండవ రకం వారు ఆ పక్క ఊళ్ళో ఒక టీ తాగి, అంగడి అరుగు మీద కూర్చున్న పెద్దమనిషిని "ఆ రాయితో మీకేమిటండీ సంబంధం?" అని అడుగుతారు. నేను రెండవ పక్షం వాణ్ణి. పురాతన కట్టడం విలువలో సగమే దాని వయసులో ఉంటుంది. మిగతా సగం దాని పక్కన నేటికీ వండుకొని తింటున్న ఊరిలో ఉంటుంది.

ఈ మాట నిలబెట్టడానికి ఇంగ్లండులోని ఒక చిన్న పట్టణాన్నీ, మా నిజామాబాదు జిల్లాలోని బోధనునూ పక్కపక్కన పెట్టబోతున్నాను. గడ్డి మైదానానికీ చెరకు తోటకూ ఏమి పొంతన అనిపించవచ్చు. కాస్త ఓపిక పట్టండి.

*

దక్షిణ ఇంగ్లండులో విల్ట్‌షర్ అనే ప్రాంతం ఉంది. అక్కడి విశాలమైన మైదానం మధ్యనున్న స్టోన్‌హెంజ్ రాతి వలయాన్ని కనీసం బొమ్మలోనైనా చూడనివారు అరుదు. క్రీస్తుపూర్వం 3000 ప్రాంతంలో అక్కడ మొదట గుండ్రని కందకం తవ్వి మట్టికట్ట పోశారు. ఆ తరువాత అయిదు వందల ఏళ్ళకు పెద్ద రాళ్ళను నిలబెట్టారు. వలయంలోని చిన్న రాళ్ళు వేల్స్‌లోని ప్రెసెలీ కొండల నుండి, అంటే రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దూరం నుండి వచ్చాయి. నడుమ పడి ఉన్న 'బలిపీఠం' రాయి అంతకంటే ఎంతో దూరంలోని ఈశాన్య స్కాట్లండు నుండి వచ్చిందని 2024లో శాస్త్రజ్ఞులు తేల్చారు. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్న సంగతులే.

పుస్తకాలు తక్కువగా చెప్పేది ఆ రాళ్ళకు మూడు కిలోమీటర్ల దూరాన, తూర్పున ఉన్న ఏమ్స్‌బరీ అనే పట్టణం గురించి. ఏవన్ నది ఒడ్డున పదివేల పైచిలుకు జనంతో ఉన్న ఊరది. లండను నుండి వచ్చే యాత్రికుల బస్సులు దానిని ఒరుసుకుంటూ పోతాయే తప్ప ఆగవు. నేను ఆ ఊళ్ళో ఒక పూటంతా కాలినడకన తిరిగాను. పాత రాతి చర్చి, నది మీద వంతెన, ఒక బజారు, నాలుగు తినుబండారాల దుకాణాలు... అంతే. చూడడానికి ఏమీ లేదనవచ్చు, వినడానికి మాత్రం చాలా ఉంది.

ఆ ఊళ్ళో 979లో ఒక రాణి సన్యాసినుల మఠం స్థాపించింది. మూడవ హెన్రీ రాజు భార్య ఎలినార్ వైధవ్యంలో అక్కడికే చేరి, 1291లో కన్నుమూసి, అక్కడే సమాధి అయింది. ఆర్థర్ రాజు కథలో ఆయన భార్య గినివియర్ చివరి రోజులు గడిపిందని చెప్పే మఠం కూడా ఇదేనంటారు. 2002లో ఊరి అంచున ఇళ్ళు కట్టబోతూ జరిపిన తవ్వకంలో నాలుగువేల మూడు వందల ఏళ్ళ నాటి ఒక మనిషి సమాధి బయటపడింది. పక్కన బాణపు ములుకులు, రాగి కత్తులు, బంగారు ఆభరణాలు ఉన్నాయి. ఆయన పళ్ళను పరీక్షించి చూస్తే బాల్యం ఆల్ప్స్ పర్వతాల వైపు గడిచిందని తెలిసింది. ఇంగ్లండు తన ప్రాచీనతకు గుర్తుగా చూపే ఆ మనిషి పొరుగు దేశం నుండి వచ్చినవాడు! ఆ ఊరివారు దానికి చిన్నబుచ్చుకోలేదు. ఆయనకు 'ఏమ్స్‌బరీ విలుకాడు' అని తమ ఊరి పేరే పెట్టుకున్నారు.

ఇంకొక సంగతి నన్ను బాగా ఆకట్టుకుంది. స్టోన్‌హెంజ్ వందేళ్ళ కిందటి వరకూ ఒక కుటుంబపు సొంత ఆస్తి. 1915లో దానిని వేలం వేశారు. సెసిల్ చబ్ అనే వ్యక్తి 6,600 పౌండ్లకు పాడుకున్నాడు. ఆయన ఎక్కడివాడో కాదు, ఆ రాళ్ళకు కూతవేటు దూరంలోని పల్లెలో, గుర్రపు జీనులు కుట్టేవాని ఇంట పుట్టినవాడు. మూడేళ్ళు తన పేరున ఉంచుకొని 1918లో జాతికి దానం చేశాడు. నేడు లోకంలోని వారందరూ టిక్కెట్టు కొని ఆ రాళ్ళను చూస్తారు, చుట్టుపక్కల ఊళ్ళవారికి మాత్రం టిక్కెట్టు లేదు. ఈ చిన్న ఏర్పాటులో ఒక పెద్ద న్యాయం ఉన్నదని నాకనిపిస్తుంది. ఆ రాయి లోకానిదే కావచ్చు, కానీ దాని పక్కన బతికేవారికి దాని మీద ఒక పాలు ఎక్కువ.

అంతమాత్రాన ఆంగ్లేయులు చేసిందంతా ఆదర్శమని నా అభిప్రాయం కాదు. అదే విల్ట్‌షర్‌లో ఏవ్‌బరీ అనే పల్లె ఉంది. అక్కడ రాతి వలయం ఊరి బయట కాదు, ఊరే రాతి వలయం లోపల ఉంటుంది. పదిహేడు, పద్దెనిమిదవ శతాబ్దాలలో పల్లెవారు ఆ రాళ్ళను నిప్పుతో కాల్చి, పగలగొట్టి ఇళ్ళు కట్టుకున్నారు. 1930లలో మార్మలేడు వ్యాపారపు సొమ్ముతో అలెగ్జాండర్ కైలర్ అనే ధనికుడు ఆ నేల కొని, పడిపోయిన రాళ్ళను మళ్ళీ నిలబెట్టాడు. అందుకోసం కొన్ని ఇళ్ళను కూలగొట్టించి, కాపురమున్నవారిని వలయం బయటకు పంపించాడు. మొదట ఊరు రాయిని మింగింది, తరువాత రాయి ఊరిని మింగింది. రెండూ తప్పే. ఈ రెండు తప్పుల నడుమ దారి వెతుక్కోవడమే మన ముందున్న పని.

*

ఇక బోధను సంగతి.

నిజామాబాదు నుండి బోధనుకు పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరం. జానకంపేట దగ్గర రైలుదారి చీలి బోధనుకు పోతుంది. తెలుగు, ఉర్దూ, మరాఠీ ఒకే బజారులో వినిపించే ఊరు. మా జిల్లా బళ్ళలో పిల్లలు దాని గురించి నేర్చుకొనేది ఒకే ఒక్క వాక్యం: "బోధను చక్కెర కర్మాగారమునకు ప్రసిద్ధి." ఆ వాక్యం కాలం తీరిపోయింది. దాని స్థానంలో ఏ వాక్యం రాయాలో ఎవరూ నిర్ణయించలేదు.

బుద్ధుని కాలంలో భారతదేశంలో పదహారు మహాజనపదాలు ఉండేవని చదువుకున్నాం. వాటిలో వింధ్యకు దక్షిణాన, గోదావరి ఒడ్డున ఉన్నది ఒక్కటే, అశ్మకం. 'అశ్మ' అంటే సంస్కృతంలో రాయి. దాని రాజధాని పోదన లేక పౌదన్యపురం. ఆ నగరాన్ని అశ్మకుడనే రాజర్షి నిర్మించాడని మహాభారతం చెబుతుంది. ఆ పోదనమే నేటి బోధనని చరిత్రకారులు పలువురి అభిప్రాయం. ఇంగ్లండు వారికి రాతి వలయం ఉంటే, మనకు రాతి పేరే పెట్టుకున్న ఒక దేశం ఉంది!

జైనుల కథ ఇంకా రసవత్తరమైనది. ఋషభదేవుని కుమారుడు బాహుబలి రాజ్యమేలినది పోదనపురం. అక్కడ భరతుడు ప్రతిష్ఠించిన బాహుబలి మహావిగ్రహం ఉండేదనీ, కాలక్రమాన ఆ చోటు సర్పాలతో నిండి మనుషులకు అందకుండా పోయిందనీ ఐతిహ్యం. గంగరాజుల మంత్రి చావుండరాయడు తన తల్లి కోరిక మీద ఆ విగ్రహాన్ని దర్శించాలనుకొన్నాడట. అక్కడికి చేరడం సాధ్యం కాదని తెలిసి, తానున్న చోటనే అటువంటి విగ్రహాన్ని చెక్కించాడట. అదే పదవ శతాబ్దం చివర శ్రవణబెళగొళలో వెలసిన గొమ్మటేశ్వరుడు. ఆ క్షేత్రంలోని పన్నెండవ శతాబ్దపు కన్నడ శాసనం ఈ కథ చెబుతుంది. ఎంత విచిత్రం! పోదనపురాన్ని చూడాలనుకొని చూడలేని యాత్రికుడు వెయ్యేళ్ళ నాడే ఉన్నాడు. అతడు చూడలేకపోయిన దానికి ప్రతిరూపాన్ని నేడు లోకమంతా చూస్తున్నది. ఆ పేరు గల ఊరికి మాత్రం ఎవరూ పోవడం లేదు.

జనం చెప్పుకొనే కథ వేరొకటి ఉంది. పాండవులు మారువేషంలో ఉన్న ఏకచక్రపురం ఇదేననీ, భీముడు బకాసురుణ్ణి చంపినది ఇక్కడేననీ ఊరివారు చెబుతారు. ఏకచక్రపురం మాదేనని చెప్పే ఊళ్ళు దేశంలో ఇంకా ఉన్నాయి. ఉండనివ్వండి. స్టోన్‌హెంజ్ రాళ్ళను మెర్లిన్ అనే మాంత్రికుడు ఐర్లండు నుండి తెచ్చాడని పన్నెండవ శతాబ్దంలో ఒక గ్రంథకర్త రాశాడు. అది చరిత్ర కాదని అందరికీ తెలుసు. అయినా ఏ ఆంగ్లేయుడూ ఆ కథను పారేయలేదు. చరిత్రను చరిత్రగా, కథను కథగా రెంటినీ దాచుకున్నారు. మనం మాత్రం కథను చరిత్ర అని పోట్లాడతాము, లేదా చరిత్రను కూడా కథే అని వదిలేస్తాము.

వేములవాడ చాళుక్యులు వేములవాడకు పోకముందు బోధను నుండి పాలించారు. రాష్ట్రకూటుల, కల్యాణి చాళుక్యుల కాలంలోనూ ఇది పెద్ద పట్టణమే. ఆ వైభవానికి సాక్షిగా ఊరి నడుమ ఒక కట్టడం నేటికీ నిలిచి ఉంది. దాని పేరు దేవల్ మసీదు. నక్షత్రపు అంచులున్న వేదిక, లోపల రాతి కంబాల వరుసలు. జైనాలయమని కొందరు, ఇంద్రనారాయణాలయమని కొందరు దాని మొదటి రూపాన్ని గురించి రాశారు. పద్నాలుగవ శతాబ్దంలో, తుగ్లకుల ఏలుబడిలో అది మసీదయింది. దేవళం, మసీదు అన్న రెండు మాటలనూ ఏ మొహమాటమూ లేకుండా ఒకే పేరులో ఇముడ్చుకున్నది ఈ కట్టడం. ఊరు తన చరిత్రను దాచలేదు, రోజూ నోటితో పలుకుతూనే ఉంది. ఆ పేరులో ఉన్న నిజాయితీ, దాని గురించి బయటివారు చేసే వాదోపవాదాలలో కనిపించదు. ఒక పక్షం వారు మొదటి మాటను మాత్రమే వింటారు, మరొక పక్షం వారు రెండవ మాటను మాత్రమే వింటారు. అక్కడ ఒక ఫలకం పెట్టవలసి వస్తే, ఏ శతాబ్దంలో ఏమి జరిగిందో ఏదీ వదలకుండా, ఎవరినీ రెచ్చగొట్టకుండా తెలుగు, ఉర్దూ, మరాఠీలలో రాసిపెట్టాలి. అది అసాధ్యమని నేననుకోను. ఆ ఊరి పెద్దలు నలుగురు కూర్చుంటే ఒక మధ్యాహ్నం పని.

*

బోధనులో రెండవ ప్రాచీన కట్టడం ఒకటుంది. దాని వయసు నిండా వందేళ్ళు కూడా లేదు.

1923లో మంజీర మీద నిజాంసాగర్ ఆనకట్ట పని మొదలై 1931లో ముగిసింది. దాని రూపకర్త నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువ నీళ్ళు వచ్చాక ఈ నేల రూపు మారింది. కృష్ణా, గుంటూరు, గోదావరి మండలాల నుండి రైతు కుటుంబాలు వచ్చి భూములు కొని, గుడిసెలు వేసుకున్నాయి. ఆ గుడిసెలే ఊళ్ళయ్యాయి. ఈనాటికీ బోధను, వర్ని పరిసరాల్లో పేరు చివర 'క్యాంపు' అన్న మాట తగిలించుకున్న పల్లెలు అవే. ఆల్ప్స్ నుండి వచ్చిన విలుకాడు ఏమ్స్‌బరీవాడైనట్టే, తెనాలి నుండి వచ్చినవాడు బోధనువాడయ్యాడు. ఊరనేది ఎప్పుడూ ముందు వచ్చినవారూ వెనుక వచ్చినవారూ కలిసి చేసేదే.

చెరకు పండింది కనుక 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్ద చక్కెర కర్మాగారమని దానికి పేరు. దాని చుట్టూ ఏర్పడిన పేటకే శక్కర్‌నగర్ అని పేరు పడింది. సొంత వ్యవసాయ క్షేత్రాలు, ఉద్యోగుల క్వార్టర్లు, బడి, ఆసుపత్రి అన్నీ ఉన్న ఒక చిన్న రాజ్యమది. చెరకు నరికే కాలం వస్తే ఊరంతా తీపి వాసన. ఎడ్లబండ్లు, ఆ తరువాత ట్రాక్టర్లు గేటు ముందు రాత్రంతా బారులు తీరేవి. తన వంతు వచ్చేదాకా రైతు బండి కిందనే పడుకొనేవాడు. నరికిన చెరకు నిలవ ఉంటే బరువు తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. అందుకే చెరకు రైతుకు కర్మాగారం కేవలం కొనుగోలుదారు కాదు, కాలంతో పరుగులో తోడుండవలసినవాడు. వడ్లను గిట్టుబాటు ధర వచ్చేదాకా గరిసెలో పోసుకోవచ్చు, పసుపును ఉడికించి ఎండబెట్టి దాచుకోవచ్చు. చెరకును దాచుకోలేము. కర్మాగారం ఆగితే పంటే ఆగిపోతుంది.

అదే జరిగింది. 2002లో ప్రభుత్వం 51 శాతం వాటాను ప్రైవేటు సంస్థకు అప్పగించింది. అది తగదని శాసనసభలోనూ బయటా ఏళ్ళ తరబడి వాదోపవాదాలు జరిగాయి. 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటించి గేటు మూశారు. బోధనుతో పాటు ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లూ మూతపడ్డాయి. ఆ తరువాత వ్యవహారం దివాలా చట్టం కింద న్యాయమండలికి పోయింది. ఎన్నికల వేళ ప్రతి పక్షమూ తెరిపిస్తామని మాట ఇచ్చింది. 2024లో పునరుద్ధరణ కోసం ప్రభుత్వం ఒక సంఘాన్ని కూడా నియమించింది. ఈ లోపల చెరకు తోటలున్న చోట వరి, సోయా వచ్చాయి. 2025 జనవరిలో నిజామాబాదులో జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైంది, సంతోషమే. కానీ పసుపు బోర్డు చక్కెర కర్మాగారానికి బదులు కాదు. మూతపడ్డ గేటు ముందు పసుపు బొట్టు పెడితే గేటు తెరుచుకోదు.

*

ఇప్పుడు నా అసలు మాట. బోధనులో మూతపడ్డ కర్మాగారాన్ని కూడా దేవల్ మసీదుతో సమానంగా ఆ ఊరి చారిత్రక కట్టడంగా గుర్తించాలి. వెంటనే గుర్తించాలి, తుక్కు వ్యాపారి రాకముందే.

"అయితే మా బతుకును మ్యూజియం చేస్తారా?" అని ఒక కార్మికుడు అడిగితే? అడగవలసిన ప్రశ్నే. జీతం బకాయిల కోసం ఏళ్ళ తరబడి తిరిగిన మనిషికి మ్యూజియం అన్న మాట ఎత్తిపొడుపులాగే వినిపిస్తుంది. కర్మాగారం తెరవాలన్న కోరికకు నేను వ్యతిరేకిని కాను. తెరిస్తే నాకంటే సంతోషించేవారు ఉండరు. కానీ ఇంకా తెరవలేదు, ఇంకా మరిచిపోలేదు అన్న ఈ నడిమి కాలమే చాలా ప్రమాదకరమైనది. ఈ కాలంలోనే యంత్రాలు తుప్పుపడతాయి, కాగితాలను చెదలు తింటాయి, చెరకు రసం ఏ పాకాన గింజ కడుతుందో కంటితో చెప్పగల పనివాడు ముసలివాడై పోతాడు. ఆ పనివాడి జ్ఞానం ఏ శాసనంలోనూ లేదు. గుర్తింపు అంటే తాళం వేసి అద్దం వెనుక పెట్టడం కాదు. "ఇది మాది, దీని లెక్క మాకు చెప్పాలి" అని నలుగురి ముందూ అనగలగడం. జ్ఞాపకం ఉన్న ఊరు అడుగుతుంది. జ్ఞాపకం పోయిన ఊరు అడగడం కూడా మానేస్తుంది.

స్టోన్‌హెంజ్ కూడా తనంతట తాను నిలబడి లేదు. 1797లో పడిపోయిన మూడు రాళ్ళ ద్వారాన్ని 1958లో క్రేనుతో మళ్ళీ లేపి నిలబెట్టారు. కొన్ని రాళ్ళ కాళ్ళకు కాంక్రీటు పోశారు. మనం 'అనాది' అనుకొనే దాని అడుగున ఇరవయ్యవ శతాబ్దపు సిమెంటు ఉంది. ప్రాచీనత దానంతట అదే మిగలదు, ప్రతి తరమూ దాన్ని మళ్ళీ నిలబెట్టుకోవాలి.

ఏవ్‌బరీ తప్పు మనం చేయకూడదు. శక్కర్‌నగర్ క్వార్టర్లలో ఇంకా ఉంటున్న కుటుంబాలను ఖాళీ చేయించి పూలతోట వేయడం పరిరక్షణ అనిపించుకోదు. పొలంలో దొరికిన తీర్థంకరుని విగ్రహాన్ని ఏ ఊరికో తరలించి, ఆ ఊరిని బోసిగా వదలడం కూడా అటువంటిదే. మన రాష్ట్రంలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. నారాయణపేట జిల్లా ముడుమాలు దగ్గర, కృష్ణ ఒడ్డున, ఆదిమానవులు నిలిపిన నిలువురాళ్ళున్నాయి. 2025లో అవి యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. కానీ వాటిని అంతవరకూ కాపాడింది ఏ సంస్థ? అవి 'నిలురాళ్ళ తిమ్మప్ప' అని చేతులు జోడించి మొక్కిన ఊరివారు. పరిశోధకులు వచ్చి విలువ చెప్పకముందే ఊరు విలువ కట్టింది.

కనుక నేను కోరేది పెద్ద పెద్ద పథకాలు కాదు. ఒకటి, దేవల్ మసీదు దగ్గర మూడు భాషలలో నిజాయితీగా రాసిన ఒక ఫలకం. రెండు, కర్మాగారపు రికార్డులను ఎవరో ఒకరు భద్రపరచడం, పాత కార్మికుల మాటలను రికార్డు చేయడం. మూడు, బళ్ళో చెప్పే ఆ ఒక్క వాక్యాన్ని మార్చడం. "బోధను ఒకప్పుడు అశ్మక రాజధానిగా, తరువాత చక్కెర కర్మాగారానికి పేరుపొందిన పట్టణం. ఆ కర్మాగారం 2015లో మూతపడింది" అని రాస్తే చాలు. ఎందుకు మూతపడిందని పిల్లలే అడుగుతారు. వారు అడగాలి.

ఏమ్స్‌బరీకి వెళ్ళే మిత్రులు రాళ్ళు చూసి తిరిగి రాకండి, ఊళ్ళోకి నడవండి. బోధనుకు వెళ్ళేవారు గుడో మసీదో తేల్చుకోవడానికి వెళ్ళకండి. శక్కర్‌నగర్ దాకా పోయి, ఆ గేటు ఎదుట ఉన్న హోటల్లో ఒక ఇరానీ చాయ్ చెప్పండి. పక్క బల్ల మీద కూర్చున్న పెద్దాయనను ఒక్క మాట అడగండి. మిగతాదంతా ఆయనే చెబుతాడు. విన్నది ఎక్కడైనా రాయండి. మన ఊళ్ళ గురించి మనం రాయకపోతే, అవి ఇంకెవరో రాసిన ఒక్క వాక్యంగానే మిగిలిపోతాయి.

మీ ఊరి పక్కన ఏ రాయి ఉంది? దాని గురించి మీ ఊరేమంటోంది?